వెబ్‌సైట్‌లో కనబడని జీవో ఎవరికి లాభం?

2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు ముందుకు దళితబంధు పథకం మీద ఒక పిటిషన్ వచ్చింది. కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించిన పథకం అది. ఆ పథకానికి సంబంధించిన జీవో, మార్గదర్శకాలు ప్రజలకు అందుబాటులో లేవన్న సంగతి విచారణలో బయటపడింది. జారీ చేసిన జీవోలను 24 గంటల్లోగా వెబ్‌సైట్‌లో పెట్టాలని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. దళితుల పేరు మీద పెట్టిన పథకం రూల్స్‌ని దళితులు చదువుకోవడానికి కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చిందన్నమాట.

అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసింది. 2008 నుంచో అంతకంటే ముందు నుంచో జనం అలవాటు పడిన జీవోల వెబ్‌సైట్‌లో జీవోలు పెట్టడమే ఆపేసింది. తర్వాత ఈ-గెజిట్ పేరుతో వేరే సైట్‌లో కొన్నింటిని ఎంచి పెట్టారు. ఏది పెట్టాలో, ఏది దాచాలో ప్రభుత్వమే తేల్చుకుంది. 2024 ఆగస్టులో కొత్త ప్రభుత్వం పాత సైట్‌ని మళ్లీ తెరిచింది. మధ్యలో మూడేళ్లు పోయాయి.

ఈ రెండు ఉదాహరణలు రెండు రాష్ట్రాలవి, రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలవి. అందుకే దీన్ని ఒక పార్టీ తప్పుగా చూడటం సరిపోదని మేము అనుకుంటున్నాం. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఏముండాలి, ఎవరు పెట్టాలి, ఎప్పుడు మార్చాలి, ఏ భాషలో ఉండాలి అన్నవి కంప్యూటర్ సెక్షన్ చూసుకునే చిన్న పనులని మన ఉద్యమాలు చాలాకాలం పట్టించుకోలేదు. కానీ ఇవాళ సర్కారు ఆఫీసుకు గేటు వెబ్‌సైటే. స్కాలర్‌షిప్ దరఖాస్తు అక్కడే, కుల ధ్రువపత్రం అక్కడే, కార్పొరేషన్ లోన్ నోటిఫికేషన్ అక్కడే, భూమి రికార్డు అక్కడే. గేటు మీద బోర్డు లేకపోతే లోపలికి వెళ్లేది ఎవరు? లోపల తెలిసినవాళ్లున్నవాడు. జీవో దొరకని చోట దళారీ పుడతాడు. ఆఖరు తేదీ తెలియని చోట పైరవీ నడుస్తుంది. ఆఫీసుల్లో బంధువులు, కులపోళ్లు తక్కువున్న సమాజం మనది. మనకు రాతపూర్వకంగా, బహిరంగంగా ఉన్న సమాచారమే బలం.

చట్టం ఎప్పుడో చెప్పింది

వెబ్‌సైట్‌లో సమాచారం పెట్టడం ప్రభుత్వం చేసే ఉపకారం కాదు. 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ కార్యాలయం 17 రకాల సమాచారాన్ని ఎవరూ అడగకుండానే బయటపెట్టాలని చెబుతుంది. చట్టం వచ్చిన 120 రోజుల్లో అది పూర్తి కావాలి. తర్వాత ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉండాలి. ఆ 17లో సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు కూడా ఉన్నాయి. ప్రజలు దరఖాస్తు పెట్టే అవసరం వీలైనంత తగ్గేలా సమాచారం ముందే ఇవ్వాలన్నది 4(2). స్థానిక భాషను, ఖర్చును దృష్టిలో పెట్టుకుని జనానికి సులువుగా అందేలా ప్రచురించాలన్నది 4(4).

దీనికి తోడు భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం ప్రత్యేక మార్గదర్శకాలున్నాయి. మొదటిసారి 2009లో వచ్చాయి. 2023లో మూడో కూర్పు వచ్చింది. వాటిలో చెప్పింది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రతి వెబ్‌సైట్‌కి బాధ్యుడైన ఒక అధికారి ఉండాలి. కంటెంట్ ఎవరు రాస్తారు, ఎవరు ఆమోదిస్తారు అన్న విధానం ఉండాలి. పాత సమాచారాన్ని ఎప్పుడు సమీక్షించాలి, కాలం చెల్లినదాన్ని ఎక్కడ భద్రపరచాలి అన్నది ముందే తేల్చుకోవాలి. చూపులేనివాళ్లు కూడా వాడుకునేలా పేజీలు తయారు కావాలి.

కాగితం మీద అంతా ఉంది. మరి దళితుల జీవితాలకు సంబంధించిన పేజీల దగ్గరికి వచ్చేసరికి ఏం జరుగుతోంది?

అట్రాసిటీ బాధితులకు ఏం తెలియాలి?

ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం 1989లో వచ్చింది, నియమాలు 1995లో వచ్చాయి. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. 2016 ఏప్రిల్ 14న నియమాలు కూడా మారాయి. ఆ నియమాల ప్రకారం బాధితులకు నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల దాకా పరిహారం రావాలి. హత్య కేసులో సగం పోస్టుమార్టం తర్వాత, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు వెళ్లాక ఇవ్వాలి. మృతుడి భార్యకు లేదా ఆధారపడిన వాళ్లకు నెలకు 5 వేల రూపాయల మూల పింఛను, దాని మీద కరువు భత్యం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, పిల్లల చదువు ఖర్చు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

ఈ పట్టిక తెలుగులో, ఫోన్‌లో తెరుచుకునేలా, ప్రతి జిల్లా వెబ్‌సైట్ మొదటి పేజీలో ఉంటే ఏమవుతుంది? ఎఫ్ఐఆర్ నమోదైన రోజే బాధిత కుటుంబానికి తనకు రావాల్సింది ఎంతో తెలుస్తుంది. ఊరి పెద్దలు "రాజీ పడండి, ఏదో ఇప్పిస్తాం" అని పంచాయితీ పెట్టినప్పుడు ఆ కుటుంబం చేతిలో ఒక కాగితం ఉంటుంది. పరిహారం సంగతి తెలియకుండా రాజీకి ఒప్పుకోవడం, తెలిసి నిలబడటం ఒకటి కాదు. బాధితులకు ఎంత వస్తుందో చెప్పే పేజీ కేసు నిలబడటానికి కూడా సాయపడుతుంది.

ఇంకోటి చూద్దాం. 16వ నియమం ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్రస్థాయి విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జులైలో సమావేశం కావాలి. 17వ నియమం ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. సమావేశం జరిగిందా లేదా అని తెలుసుకోవడానికి కార్యకర్తలు ఇప్పటికీ ఆర్టీఐ దరఖాస్తులు రాయాల్సి వస్తోంది. సమావేశం తేదీ, హాజరైనవాళ్ల జాబితా, ఎన్ని కేసులు సమీక్షించారు, ఎన్ని పరిహారాలు పెండింగ్ అన్న నాలుగు లైన్లు ప్రతి మూడు నెలలకూ పెట్టడానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. పెడితే, పెట్టని త్రైమాసికం ఖాళీగా కనబడుతుంది. ఆ ఖాళీయే ప్రశ్న అవుతుంది. బహుశా పెట్టకపోవడానికి కారణం కూడా అదే.

జాతీయ స్థాయిలో నేర గణాంకాల సంస్థ ఏడాది నివేదికలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. ఎస్సీల మీద నేరాల కేసులు 2021లో 50,900, 2022లో 57,582 అని అవే చెప్పాయి. కానీ 2022 లెక్క బయటికి వచ్చింది 2023 డిసెంబరులో. ఏడాది ఆలస్యంగా వచ్చే దేశం మొత్తం లెక్కతో ఒక మండలంలో జరుగుతున్న దాడులను ఆపలేం. ఏ పోలీసు సబ్ డివిజన్‌లో కేసులు పెరుగుతున్నాయి, ఏ కోర్టులో విచారణ ఆగిపోయింది అన్నది ఈ నెల తెలిస్తేనే ఈ నెల కదలగలం.

స్కాలర్‌షిప్: మన స్టేటస్ కనబడుతుంది, వాళ్ల స్టేటస్ కనబడదు

విద్యార్థులకు బాగా తెలిసిన పేజీ ఇది. అప్లికేషన్ నంబరు కొడితే మన ఫైలు ఎక్కడుందో కనబడుతుంది. కాలేజీలో వెరిఫికేషన్, జిల్లా అధికారి మంజూరు, బిల్లు, ట్రెజరీ. అక్కడ ఆగుతుంది. ఆగిన ఫైలు నెలలకొద్దీ అదే మాట చూపిస్తుంది. ఈలోగా కోర్సు అయిపోతుంది. ఫీజు కట్టందే సర్టిఫికెట్లు ఇవ్వమని కాలేజీ అంటుంది. ఉద్యోగం వచ్చినా చేరలేని పరిస్థితి మన పిల్లలది.

ఇక్కడ ఉన్న తిరకాసు గమనించాలి. విద్యార్థికి సంబంధించిన ప్రతి వివరం ప్రభుత్వం దగ్గర ఉంది: ఆధార్, బ్యాంకు ఖాతా, హాజరు శాతం, తల్లిదండ్రుల ఆదాయం. ప్రభుత్వానికి సంబంధించిన వివరం విద్యార్థికి కనబడదు. ఈ త్రైమాసికంలో ఎంత నిధి విడుదలైంది? ఏ సంవత్సరం బకాయిలు ముందు కడుతున్నారు? ఏ కాలేజీకి ఎంత బాకీ? కేంద్రం వాటా వచ్చిందా, రాష్ట్రం వాటా వచ్చిందా?

2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఐదేళ్ల కోసం 59,048 కోట్ల రూపాయల మొత్తాన్ని ఆమోదించింది. అందులో కేంద్రం వాటా 60 శాతం. 4 కోట్ల మందికి పైగా విద్యార్థులకు ఉపయోగం అని చెప్పింది. ఇంత పెద్ద లెక్కలో నా కాలేజీ, నా బ్యాచ్ ఎక్కడుందో విద్యార్థి తెలుసుకోలేకపోతే ఆ ప్రకటన పేపర్ హెడ్డింగ్‌కే పనికొస్తుంది. స్టేటస్ పేజీ రెండు వైపులా తెరుచుకోవాలి. మన ఫైలు ఎక్కడుందో చూపించినట్టే, వాళ్ల డబ్బు ఎక్కడుందో కూడా చూపించాలి.

సుప్రీంకోర్టు చెప్పినా

2023 అక్టోబరు 20న బల్‌రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఆ తీర్పులో అంతగా చర్చకు రాని ఆదేశం ఒకటుంది. మరణాలు, బాధితులు, పరిహారం ఎంతవరకు అందింది, పునరావాసానికి ఏం చేశారు అన్న వివరాలన్నీ ఉండే పోర్టల్, డ్యాష్‌బోర్డు త్వరగా తయారు చేయాలని చెప్పింది.

పరిహారం పెంచిన తీర్పులో వెబ్‌సైట్ గురించి ఎందుకు చెప్పారు? లెక్కలో లేని చావుకు పరిహారం ఉండదు కాబట్టి. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోతే అది "ప్రమాదం"గా ఎక్కడో రాసి ఉంటుంది. కాంట్రాక్టర్ మాకు సంబంధం లేదంటాడు, మున్సిపాలిటీ మా ఉద్యోగి కాదంటుంది. ఫలానా ఊళ్లో, ఫలానా తేదీన చావు, పరిహారం స్థితి ఇదీ అని ఒక లైను బహిరంగంగా ఉంటే దాన్ని కాదనడం కష్టం. ఏ నగరం ఎన్ని మరణాలను ఆ లెక్కలో చేర్చింది, ఎన్నింటిని వదిలేసింది అని పేపర్ కటింగులతో పోల్చి చూడొచ్చు. ఈ పని విద్యార్థి సంఘాలు చేయగలిగినదే.

కంటెంట్ ఎందుకు పాడవుతుంది?

ప్రతిదీ కుట్ర అనుకుంటే సమస్య అర్థం కాదు. చాలాసార్లు పేజీ పాతబడటానికి కారణం, దాన్ని చూసుకోవడం ఎవరి ఉద్యోగమూ కాకపోవడమే. సంక్షేమ శాఖ జీవో ఇస్తుంది. సైట్‌ని సాంకేతిక సంస్థ నడుపుతుంది. అప్‌లోడ్ చేసేది ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్. ఏం పెట్టాలో చెప్పాల్సిన అధికారికి బదిలీ అవుతుంది. ఆపరేటర్ తనంతట తాను ఒక అక్షరం కూడా మార్చలేడు. చివరికి వెళ్లిపోయిన కలెక్టర్ ఫొటో, రద్దయిన పథకం, పనిచేయని ఫోన్ నంబరు అలాగే ఉంటాయి.

రెండో కారణం పేర్ల మార్పు. ప్రభుత్వం మారగానే పథకానికి కొత్త పేరు, కొత్త రంగు, కొత్త సైట్. పాత సైట్‌తో పాటు పాత లెక్కలూ మాయం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక, జిల్లాలు పునర్వ్యవస్థీకరణ జరిగాక ఈ గండి ఇంకా పెరిగింది. సబ్ ప్లాన్ సంగతే చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం అయింది. ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్ల గడువు ముగిసే ముందు 2023 జనవరిలో ఆర్డినెన్స్‌తో పొడిగించారు. పదేళ్లలో ఏ శాఖ ఎంత కేటాయించింది, ఎంత ఖర్చు చేసింది, ఎంత మళ్లించింది అని వరుసగా ఒకచోట పోల్చి చూడాలంటే పాత పేజీలు బతికి ఉండాలి. పాత లెక్క చెరిగిపోతే దారి మళ్లింపు కూడా చెరిగిపోతుంది.

మూడోది రూపం. ముద్రించిన కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి, వంకరగా ఉన్న పీడీఎఫ్‌గా పెడతారు. తెలుగులో ఉన్నవి కూడా యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఉంటే వెతికినా దొరకవు, కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌కి అది ఖాళీ కాగితం. లెక్కలు పట్టికలుగా కాక బొమ్మలుగా ఉంటాయి కాబట్టి కూడికలు, పోలికలు చేయలేం. "అప్‌లోడ్ చేశాం" అన్న టిక్కు మాత్రం పడుతుంది.

నాలుగోది భాష. ఇంగ్లిషులో మార్గదర్శకం, తెలుగులో ముఖ్యమంత్రి సందేశం ఉంటుంది. కావాల్సింది దీనికి తలకిందులు.

పెట్టాల్సినవి, పెట్టకూడనివి

అన్నీ బయటపెట్టండి అనడం కూడా సరికాదు. 2017 మే నెలలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనబడే స్థితిలో ఉన్నాయని చెప్పింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపుల పేజీ. కూలీల నంబర్లు, ఖాతాలు బజారున పడ్డాయి. కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం భద్రంగానే ఉన్నాయి.

అందుకే గీత ఎక్కడ గీయాలో మనమే స్పష్టంగా చెప్పాలి. అధికారం ఉన్నవాళ్ల పని, ప్రభుత్వ డబ్బు, నిర్ణయాలు బయట ఉండాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, అత్యాచార బాధితుల గుర్తింపు, సాక్షుల చిరునామా లోపల ఉండాలి. కులాన్ని చెప్పే జాబితాలో పేరు కనబడటం వల్ల ఇల్లు అద్దెకు దొరకని వాళ్లున్న సమాజం ఇది. అయితే వ్యక్తిగత గోప్యత పేరు చెప్పి లెక్కలే దాచే ప్రమాదం ఇప్పుడు ముందుకొచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు తిరస్కరించే వీలు కల్పించింది. లబ్ధిదారుడి ఖాతా నంబరు దాచండి. కానీ ఏ ఊళ్లో ఎంతమందికి, ఎంత, ఎవరి సంతకంతో మంజూరైందో దాచడానికి వీల్లేదు.

చేయొచ్చని రుజువైంది

ఇదంతా అసాధ్యం కాదు. 2005 చట్టం కింద నడిచిన ఉపాధి హామీలో జాబ్ కార్డు, మస్టరు, చెల్లింపు పల్లె స్థాయి దాకా వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి జరిగిన సామాజిక తనిఖీల్లో ఆ రికార్డులను ఊళ్లో చదివి వినిపించారు. పని చేయనివాళ్ల పేర్లు, రాని కూలి డబ్బు అలా బయటపడ్డాయి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ లాంటి ఉద్యమ సంస్థలు కూర్చుని మాట్లాడిన ఫలితంగా 2019 సెప్టెంబరు 13న జన్ సూచనా పోర్టల్ మొదలైంది. రేషన్ షాపు, పింఛను, పథకాల వివరాలు పంచాయతీ, వార్డు వారీగా చూసుకోవచ్చు. జనానికి ఏ సమాచారం కావాలన్నది అధికారులే తేల్చకుండా, వాడేవాళ్లతో చర్చించి నిర్ణయించారు. మనకు కావాల్సిన పాఠం అదే.

మనం చేయాల్సింది

మొదటి పని, మీ జిల్లా వెబ్‌సైట్‌ని తనిఖీ చేయండి. హాస్టల్లో పదిమంది కూర్చుంటే ఒక సాయంత్రం పని. అట్రాసిటీ పరిహారం పట్టిక తెలుగులో ఉందా? ఎస్సీ కార్పొరేషన్ లోన్ల ఎంపిక జాబితా ఉందా? జిల్లా విజిలెన్స్ కమిటీ చివరి సమావేశం తేదీ ఉందా? అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566 నంబరు కనబడుతోందా? పౌర సమాచార అధికారి పేరు ఇప్పుడున్నవారిదేనా? ప్రతి ప్రశ్నకు ఉంది, లేదు, పాతది అని రాసి, తేదీతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రెండో పని, లేనివాటి మీద రాతపూర్వకంగా అడగండి. 4వ సెక్షన్ కింద ఈ సమాచారం ఎందుకు ప్రచురించలేదు, బాధ్యుడైన అధికారి ఎవరు, చివరిసారి ఎప్పుడు సవరించారు అని ఆర్టీఐ వేయండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు. కమిషన్ దాకా వెళ్తే ఆలస్యం తప్పదు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా సమాచార కమిషన్ ఒక్క కమిషనర్ కూడా లేకుండానే గడిచింది. అయినా దరఖాస్తు వేయాలి. అడిగినట్టు రికార్డు ఉండాలి.

మూడో పని, పాత పేజీలను దాచుకోండి. బడ్జెట్ పుస్తకం, సబ్ ప్లాన్ లెక్క, జీవో ఏది కనబడినా ఆరోజే దిగుమతి చేసి సంఘం దగ్గర భద్రపరచండి. రేపు అది ఉండకపోవచ్చు.

నాలుగో పని, డిమాండ్లలో దీన్ని చేర్చండి. ధర్నా కరపత్రంలో స్కాలర్‌షిప్ బకాయిలు విడుదల చేయాలి అన్న లైను కింద, బకాయిల లెక్క కాలేజీల వారీగా ప్రతి నెలా వెబ్‌సైట్‌లో పెట్టాలి అన్న లైను కూడా ఉండాలి. బకాయి ఈసారి విడుదలైనా, లెక్క బయట లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ అదే ధర్నా చేయాలి.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఐదు. ప్రతి సంక్షేమ పేజీకి బాధ్యుడైన అధికారి పేరు, చివరిగా సవరించిన తేదీ. జీవో 24 గంటల్లో, తెలుగు సారాంశంతో. లెక్కలన్నీ వెతకగలిగే పట్టికల్లో, యూనికోడ్ తెలుగులో. పథకం రద్దయినా, పేరు మారినా పాత రికార్డు చెరపకూడదు. మూడు నెలలకోసారి దళిత సంఘాలు, విద్యార్థులు కూర్చుని ఆ పేజీలను సమీక్షించే ఏర్పాటు.

1927లో మహద్ చెరువు దగ్గర మన పెద్దలు అడిగింది ఉమ్మడి నీళ్లలో తమ హక్కు. ఆ చెరువు అందరిదీ అని మున్సిపాలిటీ తీర్మానం అప్పటికే కాగితం మీద ఉంది. అమలు కాలేదు. జనం నడిచి వెళ్లి తాగాల్సి వచ్చింది. సమాచారం విషయంలో కూడా కాగితం మీద హక్కు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. వెళ్లి తీసుకోవడం మన వంతు.

జై భీమ్.